నీడ పొడవు

అల్లిపురంలో మూడో అంతస్తు గది.
కిటికీకి దుప్పటి కట్టి
పద్దెనిమిది సెకన్ల వీడియోని
నూట ఆరోసారి చూస్తున్నాను.

బడి గోడ. గోడ పక్కన నీళ్ల ట్యాంకు.
ట్యాంకు నీడ గేటు దాకా పాకింది.
నీడ పొడవు కొలిస్తే పొద్దు ఎంతెత్తున ఉందో తెలుస్తుంది,
పొద్దు తెలిస్తే వేళ తెలుస్తుంది.
అర్ధరాత్రి కొట్టాం, బడి ఖాళీగా ఉంది అన్నారు సైన్యం వాళ్లు.
నీడ మాత్రం ఎనిమిదీ నలభై అంటోంది,
ఉదయం.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను.
చెప్పినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

మా నాన్న పోర్టులో పోటూపాటూ కొలిచేవాడు.
గంటగంటకీ కర్ర మీద నీటి గీత చూసి
పెన్సిలుతో రిజిస్టరులోకి ఎక్కించేవాడు.
తుపాను రాత్రి లాంతరు ఆరిపోయి
రెండు గంటల అంకెలు తప్పిపోయాయి.
"అందాజుగా వేసెయ్ గవిర్నాయుడూ" అన్నాడు ఆఫీసరు.
"నాను సూడలేదు బాబూ, ఎలా రాత్తాను?"
ఆ రెండు గడులూ ఇప్పటికీ తెల్లగానే ఉండి ఉంటాయి
ఏ గోడౌన్లోనో, చెదలు మిగిల్చితే.

నా పట్టికలోనూ తెల్లగడులున్నాయి.
పోయినవాళ్లు ముప్పై ఒకరు.
పేర్లు తెలిసినవాళ్లు ఇరవై ఆరుగురు.
ఆ అయిదుగురి దగ్గరికొచ్చి కర్సరు
రెప్పలార్పుతూ నిలబడుతుంది.

ఇంటావిడ నూకరత్నం టీ తెచ్చి
గుమ్మం దగ్గరే ఆగుతుంది.
"ఏటమ్మా, రాత్రంతా ఏటి సూత్తన్నావు?"
"నీడలు."
"నీడల్లో ఏటుంటాది?"
తెరవైపు చూడకుండా గ్లాసు పెట్టి వెళ్లిపోతుంది.
మర్నాటి నించీ టీలో అల్లం ఎక్కువ.

నిన్న ఫోనులో ఒక తల్లి,
మధ్యలో దుబాసీ కుర్రాడు.
పద్నాలుగో ప్రశ్న: బాబు ఏం తొడుక్కున్నాడు?
ఆమె చాలాసేపు మాట్లాడింది.
కుర్రాడు రెండే మాటలన్నాడు: ఊదారంగు స్వెట్టరు.
మిగతాదేమిటని అడిగాను.
మోచేతి దగ్గర చిరిగితే ఆ రంగు ఉన్ని దొరక్క
ఎర్రదారంతో కుట్టిందట.
బడిలో నవ్వుతారని
వాడు ఆ చెయ్యి వెనక్కి దాచుకునేవాడట.
ఏ చెయ్యో అడగాలి.
అడిగాను.
అవతల పదకొండు సెకన్లు ఏమీ లేదు.
అదీ రికార్డయింది.
ఎడమ, అంది.

డిసెంబరు. నేవీ విన్యాసాలకి
బీచ్ రోడ్డంతా జనం, మురీ మిక్చరు పొట్లాలు.
నూకరత్నం మనవడు చక్రిని భుజాల మీద ఎక్కించుకున్నాను.
డాల్ఫిన్ నోస్ మీద దీపం ఇంకా వెలగలేదు.
నీళ్లమీద ఉత్తుత్తి శత్రువు, ఉత్తుత్తి బాంబు.
ముందు నారింజరంగు మెరుపు.
ఒకటి, రెండు, మూడు,
నా పెదాలు వాటంతటవే లెక్కపెట్టేశాయి.
చప్పుడు. అంటే కిలోమీటరు దూరం.
జనం చప్పట్లు కొట్టారు, చక్రి ఈల వేశాడు.
ఇందులో ఎవరి తప్పూ లేదు,
మెరుపులంటే పిల్లలకి ఇష్టం.
నాకు మాత్రం వాడి బరువు అప్పుడే తెలిసింది.
పదహారు కిలోలుంటాడేమో,
ఎడమ మోచెయ్యి నా చెవికి ఆని
వెచ్చగా ఉంది.

ఇంటికొచ్చి నూట ఏడోసారి.
పదమూడో సెకను, దుమ్ము లేచే ముందు,
గేటు వైపు పరిగెత్తే గుంపులో
ఒకడు చెయ్యి వెనక్కి పెట్టుకుని పరిగెత్తుతున్నాడు.
స్వెట్టరు రంగు తెలియడం లేదు.
ఇరవైసార్లు ఆపి ఆపి చూశాను, తెలియడం లేదు.
వాడే అని రాసేయాలని ఉంది.
ఆమెకి ఫోను చెయ్యాలని ఉంది.

పేరు గడి తెల్లగా వదిలాను నాన్నా.
పక్క గడిలో రాశాను:
పిల్లవాడు, ఏడెనిమిదేళ్లు.
ఎడమ చెయ్యి వీపు వెనక.
నీడ పడమటికి పడింది.
రాత్రి కాదు.